పాత కారు బ్రేకు గొట్టములు

కారు నడచుటకు ఇంజను ఎంత అవసరమో, ఆగుటకు బ్రేకు అంత అవసరము. నడవని కారు వలన కాలము పోవును; ఆగని కారు వలన ప్రాణము పోవును. ఐనను కారు గలవారు ఇంజను మ్రోతను ఆలకించునంత శ్రద్ధతో బ్రేకు సంగతి విచారింపరు. ఆ బ్రేకు భాగములలోను మిక్కిలి ఉపేక్షకు గురియగునది చక్రము వెనుక వ్రేలాడు రబ్బరు గొట్టము. మెకానిక్కులు దీనిని హోస్ పైపు అందురు. దీని పొడవు జానెడు కంటె కొంచెము ఎక్కువ. లావు చిటికెన వ్రేలంత. బురద కప్పి యుండుటచే చాలమంది దీనిని ఒక్కమారైనను చూచి యుండరు.

మా పాఠశాల వాడుకలో ఒక పాత అంబాసిడరు కారు కలదు. ఈ జాతి కార్లు పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపారా కర్మాగారములో 2014వ సంవత్సరము మే నెల వరకు తయారగుచుండెను. నేడు క్రొత్తవి లేవు; ఉన్నవన్నియు వయస్సు మీరినవే. ఈ కారు మాకు ఒక పాఠము నేర్పినది. పాఠము చెప్పుటయే వృత్తిగా గల మేము ఆ పాఠమును ఆలస్యముగా నేర్చుకొంటిమి. దానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా బ్రేకు ఎట్లు పనిచేయునో తెలిసికొందము. కాలితో పెడలు నొక్కినపుడు మాస్టరు సిలిండరులోని పిస్టను ఒక ద్రవమును ముందునకు త్రోయును. ఆ ద్రవము సన్నని లోహపు గొట్టముల గుండ ప్రతి చక్రమునకును పోయి, అచ్చటి చిన్న సిలిండరులోని పిస్టనులను నెట్టును. పిస్టనులు బ్రేకు లైనర్లను డ్రమ్ము లోపలి గోడకు ఒత్తును. ఆ రాపిడికి చక్రము నిలుచును. మూసిన పాత్రలోని ద్రవముపై ఒక చోట కలిగించిన ఒత్తిడి తగ్గక అన్ని వైపులకును వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు బ్లేజ్ పాస్కల్ నిరూపించెను. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువు ఈ సూత్రమే మన కారును ఆపుచున్నది.

ఈ సూత్రమును కారు బ్రేకునకు అన్వయించినవారిలో ప్రసిద్ధుడు అమెరికా దేశీయుడగు మాల్కం లోహెడ్. ఆయన 1917లో ద్రవపు బ్రేకునకు పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ అను కారునకు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులు అమర్చిరి. ఆయన ఇంటిపేరే తరువాత లాక్‌హీడ్ అని మారి విమానములకు పేరైనది. ఆ సోదరులు విమానములను కూడ నిర్మించిరి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన నాటి నుండి మన తలలపై ఎగురు విమానములను లెక్కించుట మా విద్యార్థులకు వేడుక. ఆకాశమున ఎగురు యంత్రమునకును, నేలపై ఆగు యంత్రమునకును ఒకే కుటుంబము కృషి చేసినదని వారు తెలిసికొనుట మంచిది.

గొట్టములోని ఒత్తిడి ఎంతయో లెక్క కట్టుదము. కాలితో 20 కిలోల బలము మోపితిమి అనుకొనుడు. పెడలు మీటవలె పనిచేసి దానిని 5 రెట్లు చేసినచో 100 కిలోలగును. పిస్టను వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లైనచో, ద్రవముపై చదరపు సెంటీమీటరునకు సుమారు 33 కిలోల ఒత్తిడి పడును. నిలిచిన నీటిలో 10 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరునకు 1 కిలో ఒత్తిడి యుండును. కావున 33 కిలోలనగా 330 మీటర్ల లోతు నీటి ఒత్తిడి! 1908వ సంవత్సరపు మూసీ వరద నగరమును ముంచిన పిదప, అట్టి కీడు మరల రాకుండుటకై ఈసీ నదిపై హిమాయత్ సాగర్ కట్టబడి 1927లో పూర్తియైనది. ఆ కట్ట మోయు నీటి లోతు ఈ లెక్కలో ఏ మూలకు? హఠాత్తుగా గట్టిగా నొక్కినపుడు ఒత్తిడి దీనికి రెండు మూడు రెట్లు కూడ కావచ్చును. ఇంతటి ఒత్తిడిని దినమునకు వందలమార్లు ఆ చిన్న రబ్బరు గొట్టము సహించుచున్నది.

అంతయు లోహపు గొట్టమే వేయరాదా, రబ్బరు ఎందులకు, అని విద్యార్థులు అడుగవచ్చును. ముందు చక్రములు కుడి యెడమలకు తిరుగును. గుంటలలో పైకి క్రిందికి ఊగును. వెనుక యాక్సిలు కమానులతోపాటు లేచి పడుచుండును. లోహపు గొట్టము అట్లు వంగి వంగి కొలది దినములలో విరిగిపోవును. అందుచేత కదలని చట్రమునకును, కదలు చక్రమునకును నడుమ వంగెడి గొట్టము కావలెను. అంబాసిడరు వంటి కారులో ఇట్టివి మూడు: ముందు చక్రములకు ఒక్కొక్కటి, వెనుక యాక్సిలుకు ఒకటి.

ఈ గొట్టమునకు మూడు పొరలు కలవు. లోపలిది ద్రవమును తాకు రబ్బరు. నడిమిది ఒత్తిడిని తట్టుకొను గట్టి దారపు అల్లిక. పైది దుమ్ము, నీరు, ఎండల నుండి కాపాడు రబ్బరు తొడుగు. ద్రవము పోవు రంధ్రము వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇట్టి గొట్టమునకు వార్ధక్యమున మూడు రోగములు వచ్చును. మొదటిది పైపొర పగుళ్ళు. గొట్టమును వంచి చూచిన ఇవి కనబడును. రెండవది ఉబ్బు. నడిమి అల్లిక బలహీనమైనపుడు, బ్రేకు నొక్కినంతనే గొట్టము బుడగవలె ఉబ్బును. పెడలు మెత్తగా తోచును. ఇట్టి గొట్టము ఏ క్షణముననైనను పగులవచ్చును. మూడవది మిక్కిలి మోసకరమైనది. లోపలి పొర వాచి, లేక చీలి, రంధ్రమునకు అడ్డుపడును. పైకి గొట్టము నిగనిగలాడుచుండును. లోపల దారి మూసికొని యుండును. కాలి బలము పెద్దది గనుక ద్రవమును ఎట్లో చక్రమునకు త్రోయును. కాని కాలు తీసినపుడు ద్రవమును వెనుకకు పంపునది లైనర్ల చిన్న స్ప్రింగుల బలము మాత్రమే; అది చాలదు. జాలరుల బుట్టలోనికి చేప సులభముగా పోవును, వెలుపలికి రాజాలదు. ఇదియు అట్టిదే. బ్రేకు పట్టిన చక్రము విడువదు.

మాకు సంభవించినది సరిగా ఇదియే. ఒక వానకాలమున నీటిమట్టమును, గేటులను చూపుటకై కొందరు విద్యార్థులను హిమాయత్ సాగర్ చెంతకు కారులో కొనిపోయితిమి. తిరిగి వచ్చునపుడు కారు ఎడమకు లాగసాగెను. కాలినట్టి వాసన కొట్టెను. దిగి చూడగా ఎడమ ముందు చక్రపు డ్రమ్ము చేయి దగ్గరకు చేర్చజాలనంత వేడిగా నుండెను. కొంతసేపు ఆగి, మెల్లగా పాఠశాల చేరితిమి. ఒక మెకానిక్కు లైనర్లు మార్చెను. చక్రపు సిలిండరులోని రబ్బరు భాగములను కూడ మార్చెను. వారము తిరుగక మునుపే రోగము మరల కనబడెను.

అపుడు వృద్ధుడగు మరియొక మెకానిక్కును పిలిపించితిమి. ఆయన పరీక్ష చేసిన విధము విద్యార్థులు గమనింపదగినది. చక్రమును పైకి లేపి, బ్రేకు నొక్కి వదలెను. చక్రము తిరుగలేదు. గొట్టమునకు పైనున్న లోహపు పైపు నట్టును కొంచెము వదులు చేసెను. రెండు చుక్కలు కారినవి గాని చక్రము విడువలేదు. ఒత్తిడి మాస్టరు సిలిండరు వైపు లేదని దీనివలన తేలెను. పిమ్మట చక్రము వద్దనున్న నిపులును వదులు చేయగా ద్రవము చిమ్మెను. చక్రము వెంటనే విడిచెను. ఒత్తిడి ఈ రెండింటి నడుమ చిక్కుకొన్నది. నడుమ నున్నది గొట్టమొక్కటే. ఆ గొట్టమును తీసి కోసి చూపగా, లోపలి రబ్బరు వాచి, రంధ్రము సూది బెజ్జమంత మిగిలి యుండెను. పైన ఒక్క పగులు లేదు.

ఆయన క్రొత్త గొట్టము బిగించి, కుడి ప్రక్కది కూడ మార్చుమనెను. మేము ఒప్పుకొనలేదు. అది బాగుగనే యున్నది గదా, వృథా ఖర్చెందుకంటిమి. ఆయన నవ్వి, “సారూ, ఎడమదానికి ఎంత వయసో కుడిదానికీ అంతే వయసు. ఒక్కటి మారిస్తే ఎట్ల?” అనెను. మేము వినలేదు.

రెండు నెలలు గడచినవి. ఒక సాయంకాలము పాఠశాల గేటులోనికి కారు మెల్లగా వచ్చుచుండెను. ఎదుట వేపచెట్టు. బడి విడిచిన పిమ్మట చిన్నపిల్లలు ఆ చెట్టు క్రిందనే కూర్చుండి ఇంటివారి కొరకు ఎదురు చూచుచుందురు. బ్రేకు నొక్కగా పెడలు నేలకు అంటెను. కారు ఆగలేదు. చేతి బ్రేకు లాగితిమి. చెట్టునకు మూరెడు దూరమున ఆగెను. కుడి గొట్టము పగిలి ద్రవమంతయు నేలపాలైనది. ఆ దినము వాన తుంపరలు పడుచుండుటచే పిల్లలు వరండాలో నుండిరి. చెట్టు క్రింద ఎవరును లేరు. మేము ఆదా చేసినది కొన్ని వందల రూపాయలు. ఆ సాయంకాలమును తలచినపుడెల్ల మాకు ఇప్పటికిని చెమట పట్టును.

ఒక్క గొట్టము పగిలిన నాలుగు చక్రముల బ్రేకులును ఏల పోయినవని అడుగవచ్చును. పాత కార్లు పెక్కింటిలో మాస్టరు సిలిండరు నుండి అన్ని చక్రములకును ఒకే ద్రవమార్గము కలదు. కుండకు ఎచ్చట చిల్లి పడినను నీరంతయు పోవును గదా! తరువాతి కార్లలో మార్గమును రెండుగా విభజించిరి. ఒకటి పోయినను రెండవది కొంత ఆపును. చేతి బ్రేకు ద్రవముతో గాక తీగతో వెనుక చక్రములను పట్టును. అందుచేతనే ఆ దినము అది మమ్ము కాపాడెను.

ఇక గొట్టము మార్చు విధము చెప్పెదము. ఇది చేయి తిరిగిన మెకానిక్కు చేయవలసిన పని. విద్యార్థులు తమంతట తాము పూనుకొనరాదు. ఐనను పని ఎట్లు జరుగవలెనో యజమానికి తెలిసియున్న యెడల, సరిగా జరిగినదో లేదో కనిపెట్టగలడు.

మొదట సరియైన గొట్టమును సంపాదింపవలెను. నగరమున పుత్లీబౌలి, రాణీగంజ్ బజారులలో విడిభాగములు దొరకును. పాత గొట్టమును వెంట కొనిపోయి పొడవును, మరలను సరిపోల్చవలెను. పొడవు తక్కువైన చక్రము తిరిగినపుడు బిగిసికొనును. ఎక్కువైన టైరునకు రాచుకొనును. గొట్టముపై ముద్రించిన తయారీ కాలమును చూడవలెను. కొట్టులో ఏండ్ల తరబడి పడియున్న రబ్బరు కూడ ముసలిదగును. పెట్టె క్రొత్తదైనంత మాత్రమున లోపలిది క్రొత్తది కాదు.

కారును సమతలమున నిలిపి, నేలపై నుండు చక్రములకు అడ్డురాళ్ళు పెట్టి, జాకీతో లేపి, చట్రము క్రింద గట్టి స్టాండులు ఉంచవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రింద దూరుట ప్రాణాపాయము. తరువాత కీళ్ళ వద్ద మట్టిని తీగ బ్రష్షుతో తుడిచి, త్రుప్పు వదలించు నూనె వేసి కొంతసేపు ఆగవలెను.

విప్పుటలో క్రమము ముఖ్యము. ముందుగా లోహపు పైపు నట్టును విప్పవలెను. అపుడు గొట్టపు తలను రెండవ స్పానరుతో కదలకుండ పట్టుకొనవలెను. లేనిచో లోహపు పైపు మెలిపడి తెగును. సాధారణ స్పానరు నట్టు మూలలను అరగదీయును. నట్టు చుట్టును పట్టుకొని, పైపు దూరుటకు ఒక ప్రక్క చీలిక గల రింగు స్పానరు మేలు. పిమ్మట బ్రాకెట్టు వద్ద బిగింపు నట్టు తీసి, చివరకు గొట్టమును చక్రపు సిలిండరు నుండి త్రిప్పి తీయవలెను. బిగించునపుడు క్రమము తలక్రిందులగును: మొదట చక్రపు వైపు క్రొత్త రాగి వాషరుతో బిగించి, తరువాత బ్రాకెట్టు, కడపట లోహపు పైపు. గొట్టము ఎచ్చటను మెలిపడి యుండరాదు.

బ్రేకు ద్రవమును బజారులో బ్రేకు ఆయిల్ అందురు గాని, సాధారణముగా వాడునది ఇంజను ఆయిల్ జాతిది కాదు. పొరపాటున ఇంజను ఆయిల్ పోసిన యెడల బ్రేకులోని రబ్బరంతయు వాచి పాడగును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తదిగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగదు. నీరు చేరినచో ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చును. డ్రమ్ము వేడికి ద్రవము మరిగి ఆవిరియైన పెడలు లోతునకు పోవును. కావున మూత తెరచి చిరకాలముంచిన డబ్బాలోని ద్రవము వాడరాదు. తీసిన దానిని మరల పోయరాదు. ఇది విషము, పిల్లలకు అందనీయరాదు. కారు రంగుపై పడిన రంగు లేచిపోవును; వెంటనే నీటితో కడుగవలెను.

గొట్టము విప్పినపుడు లోపలికి గాలి చొరబడును. ద్రవము నొక్కిన నలుగదు; గాలి నలుగును. గాలి యున్నంతవరకు కాలి బలము దానిని నలుపుటకే వ్యయమగును. అందుచేత గాలి తీయుట తప్పదు. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరపు చక్రముతో మొదలిడుట వాడుక. మన దేశపు కార్లలో అది సామాన్యముగా ఎడమ వెనుక చక్రము. తరువాత కుడి వెనుకది, ఎడమ ముందుది, కుడి ముందుది. నిపులునకు పారదర్శకమగు సన్నని గొట్టము తొడిగి, దాని కొనను ద్రవము గల సీసాలో ముంచవలెను. ఒకరు పెడలు నొక్కి పట్టవలెను. రెండవవారు నిపులు తెరచి, బుడగలు పోనిచ్చి, మూయవలెను. మూసిన తరువాతనే మొదటివారు కాలు తీయవలెను. ముందు తీసిన గాలి తిరిగి లోపలికి పోవును. “నొక్కు”, “వదలు” అని బిగ్గరగా చెప్పుకొనుచు చేయుట మంచి అలవాటు. బుడగలు పూర్తిగా ఆగువరకు ఇట్లు చేయవలెను. ఈ నడుమ పై డబ్బాలో ద్రవము అడుగంటకుండ చూచుచుండవలెను.

పని ముగిసినదని వెంటనే రోడ్డెక్కరాదు. ఇంజను ఆపి పెడలును గట్టిగా ఒక నిమిషము నొక్కి పట్టవలెను. అది క్రమముగా దిగుచున్న యెడల ఎచ్చటనో కారుచున్నది. ఇంకొకరు ప్రతి కీలును పొడిగుడ్డతో తుడిచి తడి చూడవలెను. స్టీరింగును పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు త్రిప్పి, గొట్టము టైరునకు గాని కమానునకు గాని తాకుచున్నదేమో పరీక్షింపవలెను. తరువాత ఖాళీ స్థలమున నడక వేగముతో రెండు మూడుమార్లు ఆపి చూచి, పిమ్మటనే రోడ్డునకు పోవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. ఒక నిమిషపు పరీక్షకు ఓపిక లేనివాడు ఆ 17 మీటర్లకు ఏమి ఉత్తరువాది కాగలడు?

తలిదండ్రులకు ఒక మనవి. మన దేశమున సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును. తరువాత తనిఖీ జరిపి పొడిగింతురు. ఆ తనిఖీలో నెగ్గిన కారు అని ధైర్యము తెచ్చుకొనుట చాలదు. ఏ కన్నును గొట్టము లోపలికి చూడజాలదు. రూపము చూచి గాక వయస్సు చూచి గొట్టములను మార్చుటయే మార్గము. ఆ సాయంకాలము తరువాత మేము మూడు గొట్టములను ఒకేసారి మార్పించితిమి. మార్చిన తేదీని చీటీపై వ్రాసి కారు తలుపు లోపల అంటించితిమి. ఐదేండ్లు నిండిన, బాగున్నను లేకున్నను, మూడును మార్చవలెనని నియమము పెట్టుకొంటిమి. ద్రవమును రెండేండ్లకొకమారు మార్పించుచున్నాము.

కోసి చూపిన ఆ పాత ఎడమ గొట్టమును, పగిలిన కుడి గొట్టమును ప్రక్కప్రక్కన పలకపై కట్టి మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వ్రేలాడదీసితిమి. పాస్కల్ సూత్రము చెప్పు దినమున వానిని విద్యార్థుల చేతికిచ్చెదము. ఈ రెండింటిలో ఏది మంచిదిగా కనబడుచున్నదని అడిగినపుడు, ప్రతి సంవత్సరమును తరగతి అంతయు ఎడమదానినే చూపును. దానిని త్రిప్పి, లోపల మూసికొనిపోయిన రంధ్రమును చూపెదము. తరగతి నిశ్శబ్దమగును. తరువాత పాఠము మొదలిడెదము.